ముందు బాగున్నవాళ్ల పేర్లు

నా చిన్నప్పుడు, ఒక గురువారం పొద్దున ఏడున్నరకు, మహానందిలో నంద్యాల బస్సు మా కళ్ల ముందే కదిలి వెళ్లిపోయింది. మేము అందుకోలేక కాదు. మూటలు కట్టుకుని, సత్రం గది ఖాళీ చేసి, బస్సు పక్కన నిలబడి ఉన్నాం. అమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా. అప్పుడు మా తాత, "దిగమ్మా. ఈపొద్దు దక్షిణానికి శూల ఉండాది. రేపు పోదాం" అన్నాడు.

మా ఊరు వేంపల్లె దగ్గర. మహానందికి దక్షిణాన. గురువారం దక్షిణం వైపు ప్రయాణం మంచిది కాదని మా ప్రాంతంలో చాలామంది నమ్మేవాళ్లు. మా తాత మాత్రం నమ్మేవాడు కాదు. ఆయనను మేము అబ్బ అని పిలిచేవాళ్లం. ఎవరైనా ప్రయాణానికి శూల ఉందంటే, "ఎద్దుకు లేని శూల మనకేందిరా, బండి కట్టు" అని ఎగతాళి చేసేవాడు. అందుకే ఆ పొద్దు అమ్మ కాలు మెట్టు మీదే ఉంచి, ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తరువాత దిగింది.

దాచిపెట్టి చివర్లో చెప్పడం నాకు ఇష్టం లేదు కనుక ఆ సంగతి ఇప్పుడే చెబుతాను. మా ఊళ్లో కలరా పుట్టింది. ముందు రోజు సాయంత్రం అబ్బకు ఆ కబురు తెలిసింది. చెప్పినవాడు వేంపల్లె గాజుల సాయిబు. మా ఇంటికి ఏటా గాజులు తొడగడానికి వచ్చేవాడే, యాత్రికుల కాలంలో మహానందిలో అంగడి పెట్టేవాడు. అతని తమ్ముడు ఊరి నుంచి సరుకు తెచ్చినప్పుడల్లా అటువైపు కబుర్లు కూడా తెచ్చేవాడు. మా ఊళ్లో మా నాయన, మా నాయనమ్మ ఉన్నారు. దుక్కులు ఉన్నాయని నాయన, పాలిచ్చే ఎనుములు ఉన్నాయని నాయనమ్మ రాలేదు. ఆమెను జేజి అనేవాళ్లం. మహానందికి వచ్చింది అబ్బ, అమ్మ, నేను, మూడేళ్ల తమ్ముడు. వాడి పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉంది. మొక్కు తీరిపోయింది. ఇక ఇంటికి పోవడమే మిగిలింది.

అబ్బ అమ్మకు ఆ మాట ఎందుకు చెప్పలేదో తరువాత నాకు అర్థమైంది. చెబితే అమ్మ ఆగదు. తమ్ముణ్ని చంకనేసుకుని, భర్త దగ్గరికి మొదటి బస్సుకే పోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. మేము దిగిన సత్రంలో గదుల మధ్య గోడలు పైకప్పు దాకా లేవు. ఒక గదిలో దగ్గితే నాలుగు గదుల్లో వినిపిస్తుంది. ఆ గురువారం మధ్యాహ్నమే ఒక బండి సత్రం ముందు ఆగింది. సత్రం గుమాస్తా బయటికి పోయి, "యాడనుంచి వస్తాండారు?" అని అడిగాడు. వాళ్లు కడప పక్క ఏదో ఊరి పేరు చెప్పారు. "ఆ పక్కోళ్లకు ఈడ తావు లేదు, పోండప్పా" అన్నాడు. బండిలో ఒక ముసలమ్మ నీళ్లు అడిగింది. బయట కాలువ చూపించి తలుపు వేసేశాడు. తరువాత మా దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, మీదే ఊరన్నారు?" అన్నాడు. నేను చెప్పబోయాను. నోరు తెరిచేసరికి అబ్బ చేతిలోని బెల్లం ముక్క నా నోట్లో ఉంది. "నంద్యాల పక్కనేప్పా" అన్నాడు అబ్బ. ఆయన అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. బెల్లం తీపి నాకు తెలియలేదు.

శుక్రవారం పడమటికి శూల అన్నాడు. నంద్యాల పడమరే కదా. శనివారం ఎవరో తుమ్మారన్నాడు. ఆదివారం మళ్లీ పడమటి శూల. సోమవారం శివుడి దినం, ఆ పూట శివుడి ఊరు విడిచి పోతారా అన్నాడు. పక్క గదిలో ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. ఆమెకు రోజూ పొద్దున అదొక వేడుక అయిపోయింది. వేపపుల్ల నములుతూ మా గుమ్మం ముందు నిలబడి, "ఏమప్పా పెద్దాయనా, ఈపొద్దు ఏమడ్డమొచ్చె? పిల్లినా, బల్లినా?" అనేది. "రెండూ వచ్చినాయమ్మా" అనేవాడు అబ్బ. "నీ కోడలికి పుట్టింటి మింద గాలి మళ్లిందేమో చూసుకో. ఇంత నిష్ఠ ఉండేవాళ్లింట్లో ఎట్ల కాపురం జేస్తాదో పాపం" అనేది. అందరూ నవ్వేవాళ్లు. అబ్బ కూడా నవ్వేవాడు.

నాకు మాత్రం ఊపిరాడేది కాదు. వచ్చినప్పుడు ఆ ఊరు నాకు స్వర్గంలా ఉండింది. మా ఊళ్లో వేసవిలో బావి అడుగున నీళ్లు చెంబుతో తోడుకోవాలి. ఇక్కడ వైశాఖంలో కూడా కాలువల్లో మోకాళ్ల దాకా నీళ్లు, వాటి వెంట అరటి తోటలు. మొదటి రెండు రోజులు నీళ్లలోంచి బయటికి రాలేదు. బస్సు వెళ్లిపోయిన తరువాత అవే నీళ్లు నాకు పగ అయ్యాయి. ఎటు పోయినా ఆ చప్పుడే. అబ్బ మమ్మల్ని సత్రానికీ కాలువకూ మధ్య తప్ప ఎక్కడికీ పోనివ్వలేదు. అంగళ్ల దగ్గరికి వద్దు, కొత్తవాళ్లతో మాట్లాడవద్దు, బయట ఏదీ తినవద్దు. తాగే నీళ్లు అమ్మ చేత కాచించేవాడు. అంత మంచి నీళ్లను ఎందుకు కాచాలో మాకు తెలియదు.

నాకు జేజి కావాలి. పుట్టినప్పటి నుంచి ఆమె కొంగు పట్టుకుని పడుకున్నదాన్ని. బయలుదేరేటప్పుడు జేజి నా చేతికి ఒక ఇత్తడి చెంబు ఇచ్చి, "ఎండాకాలంలో పారే నీళ్లంట. ఒక చెంబెడు తెచ్చియ్యి, తాగి చూస్తా" అంది. నేను ఆ చెంబును ప్రతి పొద్దునా నింపి, మూతికి గుడ్డ కట్టి, మూట పక్కన పెట్టేదాన్ని. బస్సు పోయిన తరువాత పారబోసేదాన్ని. మరునాడు మళ్లీ కొత్తనీళ్లు. నిలవ నీళ్లు జేజికి ఇవ్వకూడదని నా పట్టుదల.

ఒక మధ్యాహ్నం నేను కాలువ గట్టున ఉన్నాను. అవతల అరటి తోట పక్కన అబ్బ, గాజుల సాయిబు నిలబడి మాట్లాడుకుంటున్నారు. సాయిబు భుజం మీది గాజుల మలారం కిందికి దించాడు. అబ్బ ఏదో అడిగాడు. సాయిబు తల వంచుకున్నాడు. అంతే. అబ్బ తిరిగి, పంచెతో, తలపాగాతో అలాగే కాలువలోకి దిగి మునిగాడు. పైకి లేచి, మళ్లీ మునిగాడు. పెద్దవాళ్లు నీళ్లలో ఆడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు నవ్వొచ్చింది.

సత్రంలోకి వచ్చేసరికి ఆయన ఒంటి నుంచి నీళ్లు కారుతున్నాయి. పక్క గది అవ్వ చూసి, "ఇదేందప్పా, బట్టలతోనే మునిగినావు?" అంది. "కాలు జారినానమ్మా" అన్నాడు అబ్బ. "ఈ వయసులో ఏం జారుడప్పా!" అని ఆమె పడీపడీ నవ్వింది. అమ్మ పొయ్యి దగ్గర సంగటి గెలుకుతూ ఉంది. ఆమె చేయి ఆగిపోయింది. కాలు జారినవాడికి తలపాగా మడతల్లోపల దాకా తడవదు. మావైపు అయినవాళ్లు చనిపోయారన్న కబురు విన్నవాళ్లు అలా కట్టుబట్టలతో తల మునిగేలా స్నానం చేస్తారు. ఆ సాయంత్రం అబ్బ గుడికి పోలేదు. మోకాలు నొప్పి అన్నాడు. మరునాడూ పోలేదు. మైలలో ఉన్నవాళ్లు గుడి గడప తొక్కరు. నాకు తెలియని ఈ లెక్కలన్నీ అమ్మకు తెలుసు. తెలియనిది ఒక్కటే. ఊళ్లో ఉన్నది ఇద్దరు. పోయింది అత్తో, మొగుడో.

అడగడానికి లేదు. గోడలకు పైన అంతా ఖాళీ. అడిగితే ఏడుపు వస్తుంది, ఏడిస్తే గుమాస్తా వస్తాడు, చంటిపిల్లాడితో చెట్టు కిందికి పోవాలి. అమ్మ ఆ రెండు రోజులు వంట చేసింది, మాకు పెట్టింది, తాను తినలేదు. కాలువ దగ్గర బట్టలు ఉతుకుతూ చేయి బండకు కొట్టుకుని గాజులు పగిలాయి. ఒక చేతికి ఒకటి, ఇంకో చేతికి రెండు మిగిలాయి. మామూలుగా అయితే ఆ పూటే కొత్తవి తొడిగించుకునేది. ఈసారి చేతుల మీదికి కొంగు లాక్కుని కూర్చుంది. నేను, "అమ్మా, సాయిబు దగ్గర గాజులు తొడిగించుకోవా?" అన్నాను. నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను మళ్లీ అడగలేదు.

ఆ మాట అబ్బ విన్నట్టున్నాడు. అమ్మ చేతుల వైపు చూశాడు. తనకు ఒకటి తెలిసి, ఆమెకు తెలియకపోవడం ఏమిటో అప్పుడు ఆయనకు తట్టి ఉండాలి. లేచి బయటికి పోయాడు. కాసేపటికి సాయిబును వెంటబెట్టుకుని వచ్చాడు. సాయిబు గుమ్మం ముందు కూర్చుని మలారం విప్పాడు.

"సాయిబూ, మా కోడలికి పచ్చ గాజులు తొడుగు. రెండు చేతులకూ, నిండుగా" అన్నాడు అబ్బ. మామూలుగా మాట్లాడేదానికంటే గట్టిగానే అన్నాడు.

పక్క గది అవ్వ వెంటనే వచ్చేసింది. "ఏం పండగప్పా?"

"నా కొడుకు పెండ్లానికి గాజులు తొడిగించేదానికి పండగ యాలమ్మా? రేపు ఊరికి పోతానే వాడు నన్ను అడగడా, దాని చేతులు బోసిగా ఉండాయేందని?"

అమ్మ తల ఎత్తింది. ఆ రెండు రోజుల్లో ఆయన ముఖంలోకి ఆమె చూడడం అదే మొదటిసారి. కొంగు తీసి రెండు చేతులూ సాయిబు ముందు చాపింది. సాయిబు ఆమె వేళ్లు దగ్గరికి నొక్కి ఒక్కొక్క గాజూ ఎక్కించసాగాడు. సగం తొడిగాక అమ్మ చిన్న గొంతుతో అడిగింది.

"మామా, అత్తకు గూడా ఒక జత తీసుకుందామా?"

సాయిబు చేయి ఆగింది. అబ్బ గోడ వైపు తిరిగాడు.

"వద్దులేమ్మా" అన్నాడు. "ఆమెకు చేతినిండా ఉండాయి."

జేజి ముత్తైదువగా, గాజుల చేతులతోనే పోయిందని ఆ మాటకు అర్థం. అమ్మ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. శబ్దం మాత్రం రాలేదు. అవ్వ, "ఓయప్పా, గాజులు బిరుసుగా ఉండాయేమో, మెల్లగా తొడుగు సాయిబూ" అంది. "ఔనమ్మా, కొంచెం బిరుసే" అన్నాడు సాయిబు. నేను కూడా గాజులు బిగువయ్యే అమ్మ ఏడుస్తోందనుకున్నాను. మైలలో కొత్తవి తొడగరు. అబ్బకు ఆ సంగతి తెలియక కాదు.

మరునాడు పొద్దున నేను చెంబు నీళ్లు మార్చబోతే అమ్మ, "ఉండనీలేమ్మా, అవే చాలు" అంది. ఆ పూట నుంచి శూల మాట అబ్బతో పాటు అమ్మ కూడా చెప్పేది. అవ్వ అడిగితే అబ్బకంటే ముందు అమ్మే, "నిన్న రాత్రి బల్లి పలికిందవ్వా" అనేది. గదిలో మా నలుగురికీ అదే తలుపు, అదే గోడ. కానీ అబ్బ ఒక్కడే మోస్తున్నది ఇద్దరు మోశారు. అమ్మ అన్నం తినడం మొదలుపెట్టింది.

ఊళ్లో కొత్తగా ఎవరికీ రాలేదని సాయిబు కబురు తెచ్చాక కూడా అబ్బ కొన్నాళ్లు ఆగాడు. చివరికి బయలుదేరింది మంగళవారం. అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "ఇన్ని దినాలు శూలలు చూసి మంగళారం పోతారా ఎవురన్నా?" అంది. అబ్బ మూటలు బస్సు పైకి అందిస్తూ, "ఎద్దుకు లేని శూల మనకేందమ్మా" అన్నాడు.

నాయన ఊరి బయటే ఎదురొచ్చాడు. బాగా చిక్కిపోయి, గుండుతో ఉన్నాడు. జేజికి మందులు తాగించింది, ఎత్తుకుని పోయి మా చేనిలో పూడ్చింది అంతా ఆయన ఒక్కడే. నేను చెంబు పట్టుకుని, "జేజి యాడ?" అన్నాను. అబ్బ నా చేతిలోంచి చెంబు తీసుకుని చేని వైపు నడిచాడు. తిరిగి వచ్చినప్పుడు చెంబు ఖాళీగా ఉంది.

కొన్ని నెలల తరువాత ఒక రోజు అన్నాల దగ్గర అమ్మ ఆ రెండు రోజుల మాట ఎత్తింది. కోపంగా కాదు. "మామా, నీవు చేసింది తప్పనను. పిల్లోళ్లు బతికినారు. కానీ ఆ రెండు దినాలు నేను యాడుండానో నాకే తెలీదు. ఇంక మీద మన ఇంట్లో ఎవురైనా చెడ్డ మాట చెప్పాల్సొస్తే, ముందు బాగుండేవాళ్ల పేర్లు చెప్పండి. పోయినవాళ్ల పేరు ఆఖర్న చెప్పండి" అంది. అబ్బ ముద్ద చేతిలో పట్టుకుని తల ఊపాడు.

ఆ మాట మా ఇంట్లో నిలిచింది. నేను కర్నూలులో చదువుకుంటున్నప్పుడు నాయన హాస్టలు గేటు దగ్గరికి వచ్చి, నేను దగ్గరికి రాకముందే, "అమ్మ బాగుండాది, తమ్ముడు బాగుండాడు, నేను ఈడనే ఉండా" అన్నాడు. అది విన్నాక నేను నిలబడగలిగాను. అబ్బ పోయాడని ఆ తరువాత చెప్పాడు. నాయన పోయినప్పుడు అమ్మ, అమ్మ పోయినప్పుడు తమ్ముడు, అలాగే చెప్పారు. నేను ఎన్నో పుస్తకాలు చదివాను. దుఃఖం గురించి వాటిలో రాసినవి చాలా గొప్పగా ఉన్నాయి. అన్నం దగ్గర మా అమ్మ చెప్పిన ఆ పద్ధతే నాకు పనికొచ్చింది. ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే నేను ఇప్పటికీ బాగున్నవాళ్ల దగ్గర మొదలుపెడతాను.

మహానందిలో గుండు చేయించుకున్న మా తమ్ముడు ఈ మధ్యనే పోయాడు. వాడి కొడుకు ఫోను చేశాడు. మంచి పిల్లవాడు, ఏడుస్తున్నాడు. "అత్తా, నాయన పోయినాడు" అన్నాడు. ఫోను పెట్టేశాక, మిగిలినవాళ్లు ఎలా ఉన్నారో అడగలేదని గుర్తొచ్చి మళ్లీ నేనే చేశాను.

నేను తప్ప మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ముందుగా బాగున్నవాళ్ల పేర్లు చెప్పరు.