రాజు కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

మెల్డోర్ఫ్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరిని కదిపినా, మా ముత్తాతల ముత్తాత ఆ రోజు గట్టు మీద ఉన్నాడంటారు. ఆ రోజంటే పదిహేను వందల సంవత్సరం, ఫిబ్రవరి పదిహేడు. డెన్మార్క్ రాజు మెల్డోర్ఫ్‌ను పట్టుకుని, అక్కణ్ణుంచి పెద్ద సైన్యంతో ఈ బురదనేల మీదికి బయలుదేరాడు. రైతులు తూములు తెరిచి సముద్రపు నీళ్ళు వదిలారు. గుర్రాలూ కవచాలూ కాలవల్లో మునిగాయి. ఇప్పుడు చెప్పుకునే ముత్తాతలందరూ నిజంగా అక్కడుంటే, నీళ్ళతో పనే లేదు, తోసేసినా రాజు పడిపోయేవాడు. ఆ మాట పైకంటే ఇక్కడ మంచినీళ్ళు కూడా పుట్టవు.

డెట్లెఫ్ రోవర్ ముప్పై ఒక్క ఏళ్ళు సముద్రపు కట్ట మీద తూము లస్కరు. పోటుకు తలుపులు దించడం, ఆటుకు ఎత్తడం, అదే జీవితం. తరవాత ఆ పని పట్నంలో ఎవరో మీట నొక్కి చేసెయ్యడం మొదలైంది, ఈయనకు చేతులు ఊరుకోలేదు. పాత కాలవల పటం ఒకటి ప్లైవుడ్ చెక్కకు అతికించి, మూడేళ్ళు కూర్చుని ఆ యుద్ధాన్ని ఆటగా మలిచాడు. రైతులు ఎండు చిక్కుడు గింజలు. రాజు సైన్యం కోటు గుండీలు. అగ్గిపుల్ల ఉన్న గింజ కాలవ దూకగలదు, ఆ కాలపు రైతులు గెడకర్ర ఊతంతో దూకినట్టు. తూము తెరిస్తే కాలవల పొడుగునా నీలం ఊలుదారం పరుస్తారు, దారం మీద దొరికిన గుండీ పని సరి. ఆటలో రోజుకోసారి వాతావరణానికి పాచిక వెయ్యాలి. ఆరు పడితే గడ్డకట్టే చలి, దారమంతా తీసెయ్యాలి. నీళ్ళ విషయంలో డెట్లెఫ్ అబద్ధం రాయడు.

ఆటంటే ఇద్దరుండాలి కదా, అక్కడే వచ్చింది తంటా. అగ్నిమాపక దళం హాల్లో మొదటిసారి బల్ల మీద పెడితే ఆరుగురొచ్చారు, ఆరుగురూ చిక్కుడు గింజల గిన్నెలోనే చెయ్యి పెట్టారు. బీరుకొట్టు గెర్ట్ అయితే తెగేసి చెప్పాడు: "నన్ను చంపినా రాజు కుర్చీలో కూర్చోను. మా నాన్న గోరీలోంచి లేచొచ్చి చెవి మెలేస్తాడు."

కూర్చున్నవాడు ఒక్కడే, రైమర్. చిన్ననాటి స్నేహితుడు, ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరైనవాడు. ఆరు చలికాలాలు ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చి రాజు కుర్చీలో కూర్చునేవాడు. మొదటి రోజే మెల్డోర్ఫ్ నుంచి గుండీలన్నీ బయలుదేరదీసేవాడు, మధ్యదారిలో మునిగేవాడు. "నీళ్ళొచ్చేశాయి, ఏం చేస్తాం," అని టీలో రమ్ము ఒంపుకునేవాడు. డెట్లెఫ్ ఒక్క ఆటా ఓడలేదు. తన ఆటలో వంక పెట్టడానికి లేదనుకున్నాడు. గెలుస్తూ ఉన్నవాడికి వంక ఎక్కడ కనబడుతుంది?

పోయిన అక్టోబరులో రైమర్ పోయాడు. ఆట బీరువా మీదికెక్కింది.

జనవరిలో, ఏటా ఆ యుద్ధం రోజు పండగ జరిపే కమిటీవాళ్ళు కబురు పెట్టారు, ఈసారి హాల్లో ఒక బల్ల ఇస్తాం, నీ ఆట తెచ్చి పెట్టమని. డెట్లెఫ్ తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. కానీ రాజు కుర్చీ ఖాళీగా ఉంటే ఊరంతా నవ్వి పోతుంది, ఆట మళ్ళీ బీరువా ఎక్కుతుంది, ఇక దిగదు. అది ఆయనకు తెలుసు. అందుకే టోపీ పెట్టుకుని రైమర్ భార్య ఎల్సాబె ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పుట్టిల్లు పక్కనున్న హోల్‌స్టైన్. ఆ యుద్ధంలో హోల్‌స్టైన్ దొరలు రాజు పక్షం. కాపురానికొచ్చి నలభై మూడేళ్ళయినా ఈ ఊరికి ఆవిడ ఇంకా హోల్‌స్టైన్ ఆవిడే.

"నీకైతే పట్టింపు ఉండదు కదా," అన్నాడు. బతిమాలడం ఆయనకు అంతకంటే చేతకాదు.

"మీ ఊరి మర్యాద ఎప్పుడూ ఇంతే," అంటూ ఆవిడ నిబంధనల పుస్తకం తీసుకుంది. వారం రోజులు చదివింది.

శనివారం ఆవిడ ఇంట్లోనే ఆటకు కూర్చున్నారు. ఆటలో మొదటి రోజు ఎల్సాబె గుండీలు కదపలేదు. రెండో రోజూ కదపలేదు. రాజు బయలుదేరాలి కదా అని డెట్లెఫ్ గుర్తుచేశాడు. ఎక్కడ రాశావో చూపించమంది. ఎక్కడా రాయలేదు. ఈ వానలో, ఈ బురదలో బుద్ధున్నవాడెవడైనా బయలుదేరతాడా, నా రాజు మెల్డోర్ఫ్‌లో వెచ్చగా తింటూ కూర్చుంటాడు అంది. నాలుగో రోజు పాచికలో ఆరు పడింది. ఊలుదారమంతా తీసి పక్కన చుట్టిపెట్టింది. గుండీలు గడ్డకట్టిన కాలవల మీద నడిచొచ్చి గింజలన్నిటినీ ఊడ్చేశాయి.

డెట్లెఫ్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం రైమర్‌కు ఈ ఎత్తు ఎన్నడూ తట్టలేదన్నాడు.

ఎల్సాబె దారపుండ ఆయన ముందుకు జరిపింది. "మొదటి చలికాలమే తట్టింది. ఇంటికొచ్చి నాకు చెప్పాడు. మరి గెలవచ్చు కదా అన్నాను. గెలిస్తే వాడు ఆట మూసేస్తాడే, అప్పుడు నా శనివారాలు ఏం కాను, అన్నాడు."

డెట్లెఫ్ లేచి వెళ్ళిపోయాడు. టోపీ అక్కడే మరిచిపోయాడు.

నాలుగు రోజులు కోపంతో ఉడికిపోయాడు. ఆరేళ్ళ గెలుపు జాలి మీద బతికిందన్నమాట. ఆ కోపంతోనే కట్ట మీద నడిచి, పాత తూము దగ్గర నిలబడి అలవాటుగా ఆకాశం వంక చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇలాగే చూశాడు. రేపు చలి బిగుస్తుందో లేదో ముందే తెలిసిన లస్కరు ఇంకా పుట్టలేదు. అప్పుడు తట్టింది. ఆనాటి రైతులు ముంచింది సొంత పొలాలను. మర్నాడు గడ్డకడితే పొలమూ పోయేది, ప్రాణమూ పోయేది. ఆ సంగతి తెలిసే తూము తెరిచారు. తన చిక్కుడు గింజలకు మాత్రం ఒక్కనాడూ భయమన్నది లేదు. ఈ ముసలి లస్కరుకు అక్కడ నిలబడే కళ్ళనీళ్ళు వచ్చాయి, చలిగాలి వల్ల కాదు.

ఇంటికెళ్ళి రెండు నిబంధనలు చేర్చాడు. రాజుకు నాలుగు రొట్టెల సంచి ఒకటి, ఆగిన ప్రతి రోజూ అందులోంచి ఒక రొట్టె తగ్గుతుంది, గట్టు మీదికి పక్క ఊళ్ళ నుంచి మూడు గింజలు వచ్చి చేరతాయి. ఇప్పుడు ఆగినా భయమే, కదిలినా భయమే, ఇద్దరికీ. మర్నాడు టోపీ కోసమని ఎల్సాబె ఇంటికెళ్ళి, టోపీ మాట ఎత్తకుండా ఆట పరిచాడు.

ఫిబ్రవరి పదిహేడున హాల్లో ఎల్సాబె రాజు కుర్చీలో కూర్చుంది. చుట్టూ చేతులు కట్టుకుని జనం. ఆవిడ రెండు రోజులు ఆగి, ఇక బయలుదేరబోతూ గుండీ పట్టుకుంది. గెర్ట్ ఉండబట్టలేకపోయాడు. "తొందరపడకు. ఇంకొక్క రోజు ఆగు, రొట్టె ఉందిగా."

"అంత తెలిస్తే నువ్వే కూర్చో," అని ఆవిడ లేచింది. గెర్ట్ కూర్చున్నాడు. నాన్న సంగతి గుర్తొచ్చేసరికి సగం ఆట అయిపోయింది, లేవబుద్ధి కాలేదు. అతని వెనక ఇంకో నలుగురు వంతు కోసం నిలబడ్డారు. రాజు కుర్చీకి ఈ ఊళ్ళో వరస కట్టడం ఎవడైనా కన్నాడా!

సాయంత్రం జనం పలచబడ్డాక ఎల్సాబె గింజల గిన్నె తన వైపు లాక్కుని, ఎదుటి కుర్చీ చూపించింది. డెట్లెఫ్ తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అటువైపు కూర్చోలేదు. మూడు రోజులు ఆగాడు, ఆరు పడలేదు. సంచిలో ఒకే రొట్టె మిగిలింది. గట్టు మీద గింజలు పెరిగిపోతున్నాయి. ఇక ఆగలేక బయలుదేరాడు. ఎల్సాబె నీలం దారం పరిచింది.

"నీళ్ళొచ్చేశాయి, ఏం చేస్తాం," అన్నాడు. ఆ మాట తనంతట తానే వచ్చింది.

ఎల్సాబె గింజలు ఏరడం ఆపింది. "నిజం చెప్పు. కావాలని ఓడావా?"

"లేదు. ఒట్టు, నిజంగానే ఓడాను."

"అయితే శనివారం రా," అంది. "రైమర్ రమ్ము సీసా ఇంకా సగముంది."