రిజిస్ట్రేషన్ షీట్లో నేను దాచేసిన గడి

కూచో అప్పా, నా పని గురించి రాసుకుంటానంటివి కదా. ఆ ఫోను బోర్లా పెట్టి సరిగ్గా విను, నేను చెప్పింది చెప్పినట్టే రాయి.

రెండువేల ఆరు. బెంగళూరులో కుందలహళ్ళి పక్కన, మేళాలు జరిగే ఒక పెద్ద హాల్లో నేను రిజిస్ట్రేషన్ డెస్కులో ఉండేదాన్ని. వచ్చినోళ్ళ పేరు చూసి బ్యాడ్జి ఇచ్చేది నా పని. తొంబైల్లో అంతా రిజిస్టరు పుస్తకమే. తర్వాత ఆన్‌లైన్ వచ్చింది. జనం సైబర్ సెంటర్లో ఫారం నింపితే మా కంప్యూటర్లోకి గళ్ళ షీటు వస్తాది. చివరి గడి రిమార్క్స్. మీకేమన్నా సాయం కావల్నా అని అడిగేది. ప్రింటు తీస్తే ఆ గడి ఇంకో కాగితం మీదికి పోతాండాది. కాగితం దండగని నేనే దాన్ని హైడ్ చేసినా. అంటే దాచేసేది, ఒక్క క్లిక్కు.

ఆ పొద్దు జాబ్ మేళా. మధ్యాహ్నం జనరేటర్ రూములో పొగ లేచింది. అందరూ బయటికి పోండని మైకులో చెప్పి, మెయిన్ ఆఫ్ చేసినారు. అంతా బయటపడినారులే అని గేటు దగ్గర నేను నీళ్ళు తాగతాండా, ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకునింది.

"మా లత బాత్రూముకు పోయింది అక్కా. దానికి చెవులు వినపడవు. ఏమన్నా అయితే మనిషిని పంపండని ఫారంలో రాసినాము కదా. మీవాళ్ళు పిల్చుకొచ్చినారా?"

 వాళ్ళు రాసినారు. నేను దాచినా.

సెక్యూరిటీ ఆయన వద్దమ్మా అంటానే ఉండాడు, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయినా. కారిడారంతా చీకటి, గొంతు మంట. గోడ పట్టుకొని పోతావుంటే ఆ గోడ ఎంతకీ అయిపోదు. ఆడోళ్ళ బాత్రూములో ఒక తలుపుకు లోపల గడియ వేసుండాది. దబదబా బాదినా. వినపడని పిల్లకు బాది ఏం లాభం? తెలిసి కూడా బాదుతానే ఉండా, చేతులు ఆగలేదప్పా. ఆఖరికి ఫోన్లో టార్చి వేసి తలుపు కింద సందులో అటూ ఇటూ ఊపినా.

గడియ తీసింది. లోపల కిటికీ తెరిచుండాది, పొగ అంతగా చేరలేదు. పిల్ల నవ్వతా, పైన బల్బు చూపించి చెయ్యి తిప్పింది, కరెంటు వచ్చిందా అని. మన బెంగళూరు కరెంటే కదా, వస్తాదిలే అని ఊరికే సుమ్మనే కూచోనుండాది. నా మొఖం చూసినాక ఆ నవ్వు పోయింది.

బయటికి తెస్తే వాళ్ళమ్మ నన్ను తిట్టలేదు. "ఫారంలో రాస్తే చాలనుకున్యా, బుద్ధిలేనిదాన్ని, వెంట పోవాల్సింది" అని తన్ను తానే తిట్టుకునింది. గడి దాచింది నేనని చెప్పకుండా, నీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టినా.

సాయంత్రం ఆ గడి తెరిచి చూసినా. ఇంకా నలుగురు రాసుండారు. ఒకాయన కర్రతో నడుస్తాడంట, మెట్లు లేని దారి చెప్పమన్నాడు. ఒకామెకు చూపు తక్కువ. వీళ్ళంతా ఎట్ల బయటపడినారో ఏమో.

ఆ మరుసటి మేళా నుంచి ఆ గడిని పేరు పక్కకే తెప్పించినా. ఎవరికి ఏం కావల్నో ముందురోజే మెసేజీ పెట్టి అడిగేది, వాళ్ళకు తోడుగా మేం పెట్టిన మనిషి పేరు కూడా పక్కన రాసేది. ఫారంలో ఒక మాట అడిగినామంటే అది మాటిచ్చినట్టే అప్పా. చదివే ఓపిక లేకుంటే అడగనే కూడదు. ఆ తల్లి నంబరు షీట్లోనే ఉండె, అయినా ఇంతవరకు చెయ్యలేదు. ఒకసారి ఫోను చేసి, తప్పు నీది కాదమ్మా, ఆ గడిని నేనే...

ఆఁ, వస్తాండా. మీయమ్మ పిలుస్తాండాది, రాగిముద్ద చల్లారిపోతాదంట, లే.