పద్దెనిమిది మేడమ్

మా పెద్దమ్మ కూతురు నర్సుల శిక్షణ పాఠశాలలో పాఠాలు చెబుతుంది. అదే పాఠశాల ఆఫీసులో మార్కులు కూడే గుమాస్తాను నేను. ఇంట్లో నాకు అక్క, అక్కడ మేడమ్. అమ్మాయిలు మాత్రం చాటుగా ఆవిడను పద్దెనిమిది మేడమ్ అంటారు. ప్రాక్టికల్ పరీక్షకు ఇరవై మార్కులు. ఎవరు ఎలా చేసినా అక్క వేసేది పద్దెనిమిదే. ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో మరో అంకె నా కంటపడలేదు. ఒక రబ్బరు స్టాంపు చేయించుకుంటే చెయ్యినొప్పి అయినా తప్పుతుందని నేను ఎకసెక్కాలాడేవాణ్ణి.

"ఇరవై వేస్తే అబద్ధమంటారు. పదిహేడు వేస్తే మూడెందుకు పోయాయని అడుగుతారు. పద్దెనిమిదికి ఎవరూ నోరెత్తరురా," అనేది అక్క.

అసలు కారణం అది కాదని నాకు తెలుసు. పరీక్ష పెట్టిన మొదటి ఏడాది ఒకమ్మాయికి ఆరు వేసింది. ఆ పిల్ల చదువు మానేసి బట్టల కొట్లో చేరింది. కొన్నాళ్ళకు అక్క కర్టెను గుడ్డ కొనడానికి అదే కొట్టుకు వెళ్ళింది. ఆ పిల్లే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, గుడ్డ కొలిచి కట్టిచ్చింది. ఒక్క మాట పుల్లవిరుపుగా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదిరా అని అక్క ఇప్పటికీ బాధపడుతుంది. అప్పటినుంచీ ఈ పద్దెనిమిది.

అక్కను చూస్తే మనకే కాసేపు కూలబడాలనిపిస్తుంది. పొద్దున్నే అత్తగారికి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, షుగరు ఇంజెక్షన్ వేసి బయల్దేరుతుంది. పగలంతా పన్నెండు మంది అమ్మాయిలను వెంటేసుకుని వార్డులు తిరుగుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ ముసలావిణ్ణి అటు తిప్పి ఇటు తిప్పి, అన్నం తినిపించి, అప్పుడు బకెట్లో వేన్నీళ్ళు పోసుకుని అందులో కాళ్ళు పెట్టుకుంటుంది. బావ పేపరు చదువుతూ "ఈ ఏడాదితో మానెయ్యరాదూ" అంటాడు. ఆయన ఆ మాట అనబట్టి తొమ్మిదేళ్ళయింది. పేపరు దించి మాత్రం ఒక్కసారీ అనలేదు.

అంత ఓపిక లేని మనిషి ఒక్క విషయంలో మాత్రం నాలుగేళ్ళపాటు ప్రిన్సిపాల్ చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆఖరి లెక్కలో రాతపరీక్షకు ఎనభై పాళ్ళు, ప్రాక్టికల్‌కు ఇరవై పాళ్ళు ఉండేవి. అది తిరగబడాలని అక్క పట్టు. "రోగిని లేపి కూర్చోబెట్టేది చెయ్యా, పెన్నా?" అని ఆయన్ని అడిగేది. ఆయన చూద్దాంలెండి అనేవారు.

ఈ ఏడు ఆ పట్టుకు ఒక మనిషి తోడయింది. పదకొండేళ్ళు వార్డులో బెడ్‌పాన్లు కడిగి, కూతురి వయసు పిల్లల పక్కన కూర్చుని శిక్షణ తీసుకున్న ఆయా. పుండు మీది కట్టు ఆవిడ విప్పితే రోగికి తెలిసేది కాదు. పెన్ను పట్టుకుంటే మాత్రం అరచేతులకు చెమటలు పట్టేవి. ఆసుపత్రిలో పర్మినెంటు ఉద్యోగం ఏటా మొదటి స్థానం వచ్చిన ఒక్కరికే ఇస్తారు, అదీ నలభై దాటకపోతేనే. ఆయాకు ముప్పై తొమ్మిది నిండాయి. ఇప్పుడు రాకపోతే ఇక బెడ్‌పాన్లే.

చివరికి ప్రిన్సిపాల్ దిగొచ్చారు. రాతకు నలభై, ప్రాక్టికల్‌కు అరవై. ఆ సాయంత్రం అక్క బకెట్టు సంగతే మరిచిపోయింది.

పరీక్షలయ్యాయి. నేను కవరు విప్పాను. పన్నెండు గడుల్లో పన్నెండు పద్దెనిమిదులు. మొత్తాలు కూడి చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. తిన్నగా స్టోరు గదికి వెళ్ళాను. అక్క ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెడుతోంది.

"మీ ఆయా పన్నెండో స్థానం," అన్నాను.

"అదేంట్రా? అరవై పాళ్ళు పెట్టారుగా."

"పెట్టారు. నువ్వు అందరికీ పద్దెనిమిది వేశావు."

"తనకీ వేశానుగా."

"అదే నేను మొత్తుకునేది. అందర్నీ ఒకే ఎత్తు పీట మీద నిలబెడితే పొట్టివాళ్ళు పొడుగైపోతారా? నువ్వు అరవై కాదు, తొంభై పెట్టించినా ఇంతే. నీ మార్కుల్లో తేడా లేదు. తేడా అంతా రాతలోనే ఉంది. కాబట్టి వరస తేల్చేది రాతే. అరవై అనేది పేరుకే."

అక్క దుప్పట్ల మూట మీద కూర్చుండిపోయింది. "పోనీ తనకి ఇరవై వేస్తే?"

"చాలదు. మొదటి అమ్మాయికి రాతలో నూటికి ఎనభై అయిదు. అంటే లెక్కలో ముప్పై నాలుగు. ఆయాకు యాభై, అంటే ఇరవై. మధ్యలో పధ్నాలుగు ఉంది. నీ ఒక్కో మార్కు లెక్కలో మూడవుతుంది. రెండు పెంచితే వచ్చేది ఆరే. ఆవిణ్ణి పైకి లేపి లాభం లేదు. మిగతావాళ్ళు కిందికి రావాలి."

"నాలుగేళ్ళు తిరిగి తెచ్చుకున్నదాన్ని నా చేత్తో నేనే చెరిపేశానన్నమాట," అంది అక్క. ఆ గొంతు విన్నాక నాకు కోపం పోయింది.

ప్రిన్సిపాల్ సంతకం పడేలోపు పరీక్ష పెట్టినవాళ్ళు తమ మార్కులు తాము దిద్దుకోవచ్చనే నిబంధన ఒకటి ఉంది. ప్రతి దిద్దుబాటు పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. నా సర్వీసులో దాన్ని ఎవరూ వాడలేదు. ఆ సంగతి చెప్పాను. అక్క సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. పరీక్షలో ఎవరు ఏ పొరపాటు చేశారో అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో పొరపాటుకు ఎన్ని తగ్గించాలో కూడా రాసుంది.

"చూసిందంతా రాసుకుంటాను. మార్కులు వేసేటప్పుడే దీన్ని తెరవను," అంది.

అక్క చదువుతుంటే నేను లెక్క కట్టాను. రాతలో మొదట వచ్చిన అమ్మాయికి పదమూడు. మిగతావాళ్ళవీ పదమూడు దాటలేదు. ఆయా పేజీలో రెండే రెండు చిన్న తప్పులున్నాయి. రెండుసార్లు లెక్క చూశాను. పద్దెనిమిదే వచ్చింది. పన్నెండు మందిలో ఆ అంకె నిజంగా సంపాదించుకున్నది ఆవిడ ఒక్కతే. ఈ లెక్కన ఆయాకు డెబ్బై నాలుగు, ఆ అమ్మాయికి డెబ్బై మూడు.

చివరి పేజీ దగ్గర అక్క ఆగిపోయింది. వార్డు మొత్తాన్నీ నవ్విస్తూ తిరిగే చలాకీ పిల్లది అది. లెక్క కడితే ఏడు. పది రాకపోతే ఏడాది పోయినట్టే. పరీక్షలో బొమ్మకు ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఆ పిల్ల మందు సీసా మీది చీటీ చదవలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"పది వేసేస్తే?" అని అడిగింది నన్ను.

"వెయ్యి. నేనేం చూళ్ళేదు."

పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. బట్టల కొట్టు పిల్లే మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చి ఉంటుంది. కాసేపటికి, "మా అత్తగారికి సూది వెయ్యడానికి ఈ పిల్లను పిలుస్తానా? పిలవను. మరి వేరేవాళ్ళ అత్తగారి దగ్గరికి పద్దెనిమిదిచ్చి పంపబోయాను. ఇలా ఎంతమందిని పంపానో ఇన్నేళ్ళలో," అంది. ఏడాదికి పన్నెండు చొప్పున ఇరవై రెండేళ్ళకు ఎంతో నాకు వెంటనే తట్టింది.

ఏడు వేసింది. పదకొండు దిద్దుబాట్లు, పదకొండు కారణాలు, పదకొండు సంతకాలు. అయ్యాక, ఇంటికి వెళ్ళే ఓపిక లేదురా, కాసేపు ఇక్కడే పడుకుంటానని ఆ దుప్పట్ల మీదే ఒరిగింది.

ఫలితాల కాగితం గోడకు అంటించిన గంటలో పాఠశాలంతా గుప్పుమంది. ఆయా కోసం మేడమ్ అందరి పీకా కోసేసిందన్నారు. ఒక్క మార్కు తేడా కూడా లెక్క చూసుకుని తెచ్చిందే అన్నారు. ఎదురుపడితే నమస్కారం పెట్టే అమ్మాయిలు తలలు తిప్పుకున్నారు. ఏడు వచ్చిన పిల్ల మాత్రం నేరుగా స్టాఫ్ రూముకు వచ్చింది. అక్క ఆ పేజీ చూపించింది. అది మొత్తం చదివి, "నిజమే మేడమ్, చీటీ చదవలేదు," అని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆయా వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"మీ దయ మేడమ్. నా కోసం పదకొండు మంది ఉసురు పోసుకున్నారు," అంది.

"దయ కాదమ్మా. నీ మార్కు నేను ముట్టుకోలేదు. మొదట వేసిందే ఉంది. కావాలంటే పుస్తకం చూడు."

ఆయా పుస్తకం అందుకోలేదు. "పద్దెనిమిది మీరు అందరికీ వేసేదే కదా మేడమ్."

"నీది నిజంగానే పద్దెనిమిది."

"మీరలాగే అంటారు. మీ మనసు అలాంటిది." రెండు చేతులూ జోడించి, డ్యూటీకి వేళవుతోందని వెళ్ళిపోయింది.

అక్క చాలాసేపు ఆ తలుపు వైపే చూసింది. "ఒరేయ్, నువ్వన్నా వెళ్ళి చెప్పరా," అంది.

వార్డు దాకా వెళ్ళాను. పదమూళ్ళూ పద్దెనిమిదీ, నలభై పాళ్ళూ అరవై పాళ్ళూ అన్నీ వివరంగా చెప్పాను. ఆయా ఓపిగ్గా విన్నది.

"మీరు మేడమ్‌గారి తమ్ముడే కదండీ," అంది.