చదివింపుల పుస్తకంలో నలభై ఒకటో పద్దు

మా చెల్లెలి కూతురి విడాకుల మధ్యవర్తిత్వం విజయవాడలో మూడు గురువారాలు నడిచింది. మూడింటికీ నేను వెళ్ళాను. మొదటి వారం వాళ్ళ పాప తల్లి దగ్గర ఉండాలని, నెలకు రెండు ఆదివారాలు తండ్రి దగ్గరికి వెళ్ళాలని తేలింది. రెండో వారం పాప ఖర్చులకు తండ్రి నెలకు పద్దెనిమిది వేలు ఇవ్వాలని, ఏటా వెయ్యి పెంచాలని ఒప్పుకున్నారు. అమ్మాయి ఉద్యోగం చేస్తోంది కనుక తనకు భరణం అడగలేదు. ఇక మిగిలినవి అమ్మాయి నగలు, గన్నవరంలో రెండు వందల గజాల స్థలం.

ఆ స్థలం చిక్కులో పడడానికి నేను రాసిన పద్దు కూడా ఒక కారణం.

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ పెళ్ళిలో చదివింపుల పుస్తకం రాసింది నేనే. లెక్కల టీచరుగా పనిచేశాను కాబట్టి మా ఇళ్ళల్లో పెళ్ళంటే ఆ పని నాకే ఒప్పగించేవారు. ఒకరు మైకులో కానుకా ఇచ్చినవారి పేరూ చదువుతారు, నేను నంబరు వేసి రాస్తాను. నలభై ఒకటో పద్దు దగ్గర చెల్లెలు నా చెవిలో, స్థలం అల్లుడి గారికి అని చదివించమంది. మగపెళ్ళివారు వింటున్నారు, గౌరవంగా ఉంటుందంది. ఆ స్థలం కొన్న డబ్బు ఎక్కడిదో నాకు తెలుసు. ఉయ్యూరు దగ్గర మా నాన్న మా ఇద్దరికీ చెరిసగం పంచిన చెరకు పొలంలో తన వాటా అమ్మింది, కూతురి కోసమని. అయినా చదివింది చదివినట్టు రాశాను. నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ కూడా అల్లుడి పేరునే చేయించారు.

ఇప్పుడు అమ్మాయి నగల కోసం ఆమె లాయరు ఆ పుస్తకం తెమ్మన్నాడు. పదకొండు నగలు, తూకాలతో సహా నా చేతిరాతలో ఉన్నాయి. మూడో గురువారానికి ముందు రోజు చెల్లెలు మా ఇంటికి వచ్చి, పుస్తకం తిరగేసి, స్థలం పద్దున్న నాలుగో పేజీ మీద వేలు పెట్టింది.

"అక్కా, ఈ ఒక్క కాగితం ఊడిపోయిందనుకుందాం."

"పేజీలకు నంబర్లున్నాయి."

"నీ నంబర్లు తగలెయ్య. దాని బతుకు కన్నా ఎక్కువా?"

నగల పేజీ నమ్మాలంటే స్థలం పేజీ కూడా ఉండాలన్నాను. కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యవర్తి, ఒక పెద్ద లాయరమ్మ, ఇద్దరికీ విడమరిచి చెప్పింది. పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన నగలు స్త్రీధనం, అవి ఆమెవే. స్థలం మాత్రం కాగితాల మీద అతనిది. డబ్బు ఎవరిదో కోర్టులో రుజువు చేయాలంటే ఏళ్ళు పట్టవచ్చు, రుజువు కాకనూ పోవచ్చు. ఇక్కడే ఇద్దరూ ఒప్పుకుంటే ఆ ఒప్పందం రాసి కోర్టుకు పంపుతానంది.

అల్లుడు పుస్తకం తీసుకుని నాలుగో పేజీ రెండుసార్లు చదివాడు.

"పెద్దత్తయ్య గారూ, ఇది మీరు రాసిందే కదండీ. స్థలం నాకిచ్చినట్టే కదా?"

"రాసింది నేనే బాబూ. చదివింది రాశాను. డబ్బు మీ అత్తగారి పొలానిది, కూతురి కోసం అమ్మింది. ఆ మాట పక్కన రాయకపోవడం నా తప్పు. పొలం అమ్మిన కాగితం మీద సాక్షి సంతకం నాదే. మీకు తెలియని సంగతా?"

లాయరమ్మ అతనితో విడిగా నలభై నిమిషాలు మాట్లాడింది. తిరిగి వచ్చాక స్థలం అమ్మాయి పేర రాసిస్తానన్నాడు. చుట్టూ కట్టించిన ప్రహరీకి అయిన లక్షా నలభై వేలు మాత్రం తనకు రావాలన్నాడు.

"గోడ నాకక్కర్లేదు. విప్పి పట్టుకెళ్ళమనండి," అంది అమ్మాయి.

లాయరమ్మ కూడా నవ్వింది. గోడ బిల్లులు నేను కూడి చూశాను. లక్షా ఇరవై రెండు వేలకే ఉన్నాయి. అంతకే ఒప్పుకున్నాడు. ఒప్పందం రాసుకున్నంత మాత్రాన స్థలం చేతులు మారదు కనుక, విడాకుల చివరి సంతకాలకు ముందే రిజిస్ట్రేషన్ జరగాలని ఒక వాక్యం చేర్పించాను. అలాగే జరిగింది.

ఆ పద్దు కొట్టేయమని చెల్లెలు ఇప్పటికీ అంటుంది. కొట్టలేదు. మొన్న ఉయ్యూరులో ఒక పెళ్ళికి వెళితే మళ్ళీ కలం నా చేతికే ఇచ్చారు. అల్లుడి గారికి కారు అని మైకులో చదివారు. కారు ఎవరి పేరున కొన్నారండీ అని అడిగాను. మైకు ఆపలేదు, మండపమంతా వినపడింది. పెళ్ళికూతురి తండ్రి మైకు వైపు ఒకసారి చూసి, అమ్మాయి పేరునే అన్నాడు. అలాగే రాశాను.