రాజా పాదాలు, నా పరువు

మూఢనమ్మకాల మీద వేదికలెక్కి నేను చాలామందిని మట్టి కరిపించాను. నా వీపు నేలకు తగిలింది ఒక్కసారే, అదీ మా కుక్క పాదాల దగ్గర. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చంతా గెలిచొచ్చి ఇంట్లో ఎలా వెల్లకిలా పడ్డానో వినండి.

అప్పట్లో పెనుకొండలో మా అవ్వ, నేను, కుక్క ఉండేవాళ్లం. దానికి నేను పెట్టిన పేరు తర్కం. అవ్వ రాజా అనేది. అది ఏ పేరుకు పలికేదో చెప్పనక్కర్లేదు. ఒక ఎండాకాలం అది కాళ్లు నాకడం మొదలుపెట్టింది. పాకం అంటిన వేళ్లు చీకే పిల్లాడిలా పొద్దస్తమానం అదే పని.

"దిష్టి తగిలినాదిరా. ఎంత బలిసినాదో అని ఎదురింటామె నిన్ననే అనె," అంటూ అవ్వ ఎండుమిరపకాయలు గుప్పిట పట్టింది.

"అవి కూరలో వెయ్యవ్వా. దేనికైనా కారణముంటాది. ఇది క్రిముల పని."

"చూసినావా?"

"కంటికి కనపడవవ్వా."

"దిష్టీ కనపడదు."

ఉపన్యాసాల్లో ఎవరూ నన్నిలా నిలవేయలేదు. ఉక్రోషంతో పందెం కట్టాను. "కారణం దొరికితే నువ్వు రాజాకి జన్మలో దిష్టి తీయగూడదు. దొరక్కుంటే ఆంజనేయస్వామి గుడి ముందర, వీధి వీధంతా చూస్తాండంగా, నేనే టెంకాయ కొడతా."

"సరేలేరా," అంది అవ్వ. కాయ కొనడమొక్కటే తక్కువన్నట్టుంది ఆ ముఖం.

ఇల్లు తుడిచే పని అప్పటికే నాది. బకెట్ నీళ్లకు మూతెడు ఫినాయిల్ చాలని సీసా మీద రాసుంటే, అది పిరికివాళ్ల కొలతని సగం సీసా పోసేవాణ్ని. ఇప్పుడు నీళ్లు మానేసి సీసా మొత్తం ఒంపాను. రాజా ఇంకా నాకింది. క్రిములు ఎదురుదాడికి దిగాయని ఇంకో సీసా తెచ్చాను.

చివరికి ఆటోలో హిందూపురం, పశువుల డాక్టరమ్మ దగ్గరికి. పందేనికి తీర్పరినంటూ అవ్వ కూడా ఎక్కింది. డాక్టరమ్మ రాజా కాలివేళ్లు విడదీసి చూసింది.

"కుక్కలు ఊరికే ఇంతగా నాకవు సార్. దురదకో, మంటకో, నొప్పికో నాకుతాయి. సందులన్నీ కమిలిపోయినాయి. ఇల్లు దేంతో తుడుస్తారు?"

"ఫినాయిల్," అన్నాను గర్వంగా.

"నీళ్లెంత కలుపుతారు?"

"నీళ్లా?"

ఆమె కలం పక్కన పెట్టింది. "మందు రాస్తా, వారంలో మానిపోతాది. కానీ దీని రోగానికి కారణం మీరే సార్."

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. నేను తవ్వి నన్నే పట్టుకున్నాను. అయినా పందెం పందెమే కదా.

"కారణం దొరికె కదవ్వా? గెలిచింది నేనే."

"నువ్వేలే నాయనా," అంది అవ్వ, చాలా మెత్తగా.

ఆ మెత్తదనానికే నేను భయపడాల్సింది. ఇంటికి రాగానే అవ్వ నన్ను గడప ముందు కూర్చోబెట్టి మిరపకాయలు నా చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఎదురింటామె పని మానుకుని వచ్చి నిలబడింది.

"పందెం ఏమాయవ్వా?" అని అరిచాను.

"రాజాకి తీయనంటి, తీయలేదు. రోగం నీ దగ్గర ఉండాదని ఆ డాక్టరమ్మ చెప్పె కదా. కదలాకు."

అవ్వ వాదనలో తప్పు కోసం నేటికీ వెతుకుతూనే ఉన్నాను. అందుకే సకల హేతువుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మళ్లీ అవ్వతో పందెం కడితే 'రాజాకి' అనను, 'ఈ ఇంట్లో నాలుగు కాళ్లదానికైనా, రెండు కాళ్లదానికైనా' అని కాగితం మీద రాయించి, వేలిముద్ర వేయించుకుంటాను.