ఏం తెచ్చినావని అడగొద్దు

కువైట్‌లో ఇంటిపనికి పోయిన నా కూతురు సలోమిని అక్కడి యజమాని గడప దాటనీయలేదు. ఆమెను విడిపించి, నంద్యాల స్టేషన్‌లో నాకు అప్పగించింది మేరమ్మ. వలసపోయిన ఆడోళ్ల హక్కుల కోసం, వాళ్ల ఇండ్లల్లో శాంతి కోసం ఊరూరా తిరిగే మనిషి.

ముగ్గురం ఆళ్లగడ్డ బస్సెక్కినాం. సలోమి కిటికీ పక్కన కూచోని బయటికే చూస్తా ఉండింది. ఊరు పోయొచ్చినోళ్లను మా దిక్కు ముందుగా అడిగేది ఏం తెచ్చినావని. నేనూ అదే అడగబోతే మేరమ్మ నా చెయ్యి పట్టుకునింది.

"ఆ మాటొద్దు పెద్దమ్మా. నేనూ ఒకప్పుడు ఇట్లే వచ్చినా. మాయమ్మ నా సంచి చూసింది గానీ నా మొగం చూడలేదు. ఏడాది దాకా ఆమెతో మాట్లాడలేదు."

"మరి ఏమడగాల?"

"ఏం తింటావని అడుగు."

అడిగినా. సలోమి నా దిక్కు తిరిగింది. "జొన్నరొట్టె. నెయ్యి పూసి."

"నెయ్యా?" అన్నా.

"ఈ పొద్దన్నా పీనాసితనం మానుకో పెద్దమ్మా!" అని మేరమ్మ అంటే, నా బిడ్డ నవ్వింది.

ఆళ్లగడ్డలో దిగంగానే పక్కింటి సుబ్బమ్మ ఎదురొచ్చింది. "ఏం తెచ్చినావే సలోమీ?"

"పానం తెచ్చుకునింది. చాలదా?" అన్నా.

రొట్టె తిని పొమ్మన్నా మేరమ్మ నిలబడలేదు. ఇంకెవరి బిడ్డ కోసమో మళ్లీ నంద్యాల బస్సెక్కింది. ఆ యమ్మ పేరు తల్చుకోకుండా నా ప్రార్థన ముగియదు.

ఆ పూట నెయ్యి గిన్నె సలోమి చేతికే ఇచ్చినా.