బావ మాటల్లో పంపదగినవి

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. మా అక్క భర్త, మా బావ, పోయి ఏడాది కావస్తోంది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారట. "మావయ్యా, నాన్న మాటలు నీ కాడున్నాయి కదా. మంచివేవైనా ఉంటే పంపు. సంఘం పెద్దలందరూ వస్తన్నారు" అంది. ఆ పెద్దలెవరో నాకు తెలుసు.

బావ రైల్వేలో గుమాస్తాగా రిటైరై చీపురుపల్లిలో ఉండేవాడు. రాష్ట్రం విడిపోయిన ఏడు నేను కొత్త ఫోన్ కొని, సాయంత్రాలు ఆయన వసారాలో టీ తాగుతూ ఆయన మాటలు రికార్డు చేసేవాణ్ణి. పుస్తకం వేద్దామని నా ఆశ. "ఎవుడు సదువుతాడ్రా? వింటూ నువ్వే కునుకుతన్నావు" అనేవాడు. నాయకుల సంగతి, పెళ్ళిభోజనాల సంగతి, పక్కింటివాడు స్కూటర్ కొంటే మనకు పుట్టే కడుపుమంట, అన్నీ ఆ గంటల్లో ఉన్నాయి. మధ్యమధ్య అక్క పెట్టే పోపు చప్పుడు కూడా ఉంది. ఒకరోజు ఎన్నికల మాట చర్చి కమిటీ మీదికి మళ్ళింది. బావ నవ్వుతూ అన్నాడు: "ఊర్లో ఓటేసినా, సంఘంలో ఓటేసినా మనోడేనా అనే సూస్తాం. బాప్తిస్మంలో ఒళ్ళు ములిగింది గానీ, కులం పొడిగానే బయటికొచ్చీసింది. మన పెద్దల్నే సూడు."

ఆ ముక్క నాకు బాగా నచ్చింది. విజయనగరంలో ఉన్న మా తమ్ముడికి, వాడొక్కడికే, పంపాను. వాడికీ నచ్చింది. వాడూ పంపాడు. ఆదివారానికి అది కమిటీ పెద్దల ఫోన్లలో ఉంది. ఇరవై ఏళ్లుగా ఆరాధనలో బైబిలు పాఠం చదివేది బావే. ఆ వారం కళ్ళజోడు తుడిచి పెట్టుకుని కూర్చున్నాడు. వేరొకరి పేరు పిలిచారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆయన్ని పిలవలేదు.

నన్ను తిట్టలేదు. "ఒరే, నాను నీతో మాటాడినాను. ఊరితోటి కాదు" అన్నాడు, అంతే. నేను ఫోన్ తీసేయబోతే "ఉండనీ, దాందేటి తప్పు" అని, వానల గురించి, పెరట్లో వంగనారు గురించి చెప్పాడు. పోయేదాకా నాలుగేళ్ళూ అవే చెప్పాడు.

మేనకోడలికి వంగనారు మాటలే పంపాను. మిగతావి పంపే ధైర్యం లేకపోయింది. కూడికలో వినిపించారు. బయటికి వస్తూ కమిటీ పెద్దాయన ఒకరు నా చెయ్యి పట్టుకుని, "వయసొచ్చినకొద్దీ మీ బావ ఎంత మెత్తబడిపోనాడో సూసినావా" అన్నాడు.

"అవునండీ" అన్నాను. బావని అలా చేసింది కాలం కాదని చెప్పవలసినవాణ్ణి నేనే. కాలం మీదికి నెట్టేస్తే అది కాదనదు.